రోజూ తినే కంచానికే డబ్బు పెట్టాలి

మా వరంగల్ వైపు ఏ ఇంటికి పోయినా తినే సామాను రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి అద్దాల అల్మారాలో. పూల అంచు ప్లేట్లు, పెండ్లికి వచ్చిన డిన్నర్ సెట్టు, మీది కాగితం ఇంకా ఊడదీయని చెంచాల డబ్బా అక్కడ ఉంటాయి. రెండోది వంటింట్లో స్టాండు మీద తడి ఆరుతూ ఉంటుంది. అడుగు ఉబ్బి గిరగిరా తిరిగే కంచాలు, మూతి నొక్కుకుపోయిన గిలాసలు, గట్టి పెరుగులో గుచ్చితే మెడ వంగే చెంచాలు. అల్మారాలోవి ఏడాదికి రెండు మూడు పూటలు కిందికి దిగుతాయి. స్టాండు మీదివాటిలో ఇంటిల్లిపాదీ రోజూ తింటారు. మంచివి చూసుకోవడానికి, నాసివి తినడానికి అన్నట్టు సాగుతున్న ఈ పద్ధతి నాకు నచ్చదు. ఇది మారాలని గట్టిగా అనుకుంటాను కాబట్టే ఇంత పొడుగు వ్యాసం రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే మాట. సామానుకు పెట్టే డబ్బంతా రోజువారీ కంచం, గిలాస, చెంచా మీద పెట్టండి. తక్కువ కొనండి, మందంగా కొనండి, సెట్టుగా కాకుండా విడిగా కొనండి. చుట్టాలు వచ్చినా వాటిలోనే పెట్టండి. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు, బిడ్డ పెండ్లికి సామాను జమ చేసేవాళ్లు, హైదరాబాద్‌లో కొలువు దొరికి గది తీసుకున్న పిల్లలు ఏం కొనాలో అడుగుతుంటారు. వాళ్లందరికీ పనికొచ్చేలా తెలిసినంత వివరంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు మన తిండిని చూడాలి. దుకాణంలో కంచం ఖాళీగా మెరుస్తూ ఉంటుంది కాబట్టి దాని నునుపు, పువ్వు, ధర మాత్రమే కంటికి ఆనుతాయి. ఇంటికి వచ్చాక అందులో పడేది పొగలు కక్కే అన్నం, దాని మీద పప్పుచారో పచ్చిపులుసో, పక్కన మామిడికాయ తొక్కు, చివరికి పెరుగు. సగానికి సగం పారేవే. పైగా మనం చేత్తో కలుపుకుంటాం. కలిపేటప్పుడు అయిదు వేళ్లూ కంచాన్ని కిందికి నొక్కుతాయి, ముద్దను అంచు వైపు తోస్తాయి. కాబట్టి మన కంచానికి బొటనవేలి కణుపంత ఎత్తయినా నిలువు అంచు ఉండాలి. ముద్ద ఆనించి తీసుకోవడానికి ఆ గోడ కావాలి. కంచం అడుగు వెడల్పుగా, చదునుగా ఉండాలి. నొక్కితే జారిపోనంత బరువు ఉండాలి. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా పెడుతున్న వెడల్పు అంచు ప్లేటు ఫోర్కుతో తినేవాళ్ల కోసం తయారైంది. దాని అంచు దాదాపు నేలకు సమాంతరంగా పరుచుకుని ఉంటుంది. ఆ తిండికి అది బాగానే పనిచేస్తుంది. పచ్చిపులుసు పోసుకునే ఇంట్లో మాత్రం అన్నం మధ్యలో దిబ్బగా మిగిలి, పులుసు అంచు మీదికి పాకి, పిల్లల ఒళ్లో పడుతుంది.

అందుకే కంచాన్ని దుకాణంలోనే పరీక్ష చేయాలి. గాజు కౌంటరు మీద పెట్టి ఒక పక్క అంచును వేలితో నొక్కండి. అవతలి పక్క లేస్తే అది మీకు వద్దు. తర్వాత మెల్లగా తిప్పండి. బొంగరంలా తిరిగిందంటే అడుగు బయటికి ఉబ్బి ఉందన్నమాట. ఇప్పుడు ఇంత తిరిగేది, నాలుగు నెలలు వాడాక ఇంకా ఎక్కువ తిరుగుతుంది. అడుగు మధ్యభాగం వెంట్రుకవాసి లోపలికి నొక్కి ఉన్నది మంచి కంచం. దాని బరువు చుట్టూరా ఉన్న వలయం మీద పడుతుంది, కదలదు.

ఆ తర్వాత అంచును తిరగేసి చూడండి. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ ఇంట్లో రోజూ చికాకు పెట్టేది ఇదే. పలుచని రేకు అంచు కత్తిలా కోస్తుంది, పట్టుకుంటే వంగుతుంది. అందుకని తయారుచేసేవాళ్లు దాన్ని కిందికి చుట్టి గొట్టంలా మడుస్తారు. ఆ మడత పూర్తిగా మూసుకోకుండా సన్నని సందు మిగిలితే, తోమిన ప్రతిసారీ సబ్బు నీళ్లు, మెతుకుల గంజి అందులోకి పోతాయి. పైకి ఎండినట్టే కనిపిస్తుంది. పొద్దున బోర్లించిన కంచాన్ని సాయంత్రం తీసి చెవి దగ్గర ఊపండి, లోపల నీళ్లు ఆడుతున్న చప్పుడు వినిపిస్తుంది. వంచితే బూడిదరంగు చుక్కలు కారి కింది కంచం మీద పడతాయి. పాత కంచాల అంచు వెంట కనిపించే నల్లటి గీత అదే. మందం రేకుకు ఈ చుట్టుడు అవసరమే లేదు, అంచును నున్నగా అరగదీస్తే చాలు. చుట్టినదే దొరికితే సందులో గోరు దూరకుండా గట్టిగా మూసినది, లేదంటే వేలు పెట్టి కడిగేంత వెడల్పుగా తెరిచినది తీసుకోండి. ఈ రెండిటికీ మధ్యలో ఉన్నది వద్దు.

మందం ఎట్లా తెలుస్తుంది? తూకం వేయించండి. స్టీలు దుకాణాల్లో త్రాసు ఉండనే ఉంటుంది, చాలా సామాను కిలో లెక్కనే అమ్ముతారు. దుకాణదారు గేజ్ లెక్క చెబితే ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి, అంకె పెరిగేకొద్దీ రేకు పలుచన అవుతుంది. 22 గేజ్ అంటే సుమారు 0.7 మిల్లీమీటర్లు, 28 గేజ్ అంటే 0.4 కూడా ఉండదు. స్టీలు ఒక ఘన సెంటీమీటరు సుమారు 8 గ్రాములు తూగుతుంది కాబట్టి లెక్క ఎవరైనా కట్టుకోవచ్చు. పన్నెండు అంగుళాల వెడల్పు, అంగుళం ఎత్తు అంచు ఉన్న కంచం అర మిల్లీమీటరు రేకుతో చేస్తే రమారమి 390 గ్రాములు వస్తుంది. అదే కొలతల కంచం 200 గ్రాములే తూగితే రేకు 0.25 మిల్లీమీటర్ల దగ్గర ఉందన్నమాట. అటువంటిది సొట్ట పడడానికి ఒక్కసారి చేయి జారితే చాలు.

మా చిన్నమ్మ బిడ్డ పెండ్లి సామానుకు వరంగల్ చౌరస్తా దగ్గరి ఒక దుకాణానికి తోడు పోయాను.

"సేటు, యాభై ఒక్క సామాన్ల సెట్టు చూపియ్యి" అన్నది చిన్నమ్మ.

సేటు అట్టడబ్బా తెరిచి ఒక్కొక్కటే పరిచాడు. కంచాలు, చిన్న ప్లేట్లు, రెండు మూడు కొలతల కటోరాలు, మూత గిన్నెలు, గిలాసలు, చెంచాలు, గంటెలు. కౌంటరు నిండిపోయింది.

"చిన్నమ్మా, ఇండ్ల దినాం చేతుల వడేటియి ఏంటియే?" అని అడిగాను.

"కంచాలు, గిలాసలు, పెరుగు కటోరాలు. ఇంకేముంటయే?"

"కడమయి?"

"సజ్జ మీదికే. ఇచ్చినం అనిపించుకోవాలె గదా బిడ్డా."

సెట్టులోని ఆరు కంచాలను త్రాసులో పెట్టమన్నాను. కిలోంబావు కూడా రాలేదు. అరలో విడిగా ఉన్న సాదా కంచాలు తీసి పెడితే మూడింటికే ముల్లు అక్కడికి వచ్చింది. చిన్నమ్మ త్రాసు వంక చూసి, ఒక కంచాన్ని రెండు చేతులా పట్టుకుని వంచబోయి, వంగక పోయేసరికి "ఇయ్యే కట్టు సేటూ" అన్నది. సెట్టు ధరలోనే విడి కంచాలు ఎనిమిది, గిలాసలు ఎనిమిది, కటోరాలు, మూడు మంచి గంటెలు వచ్చాయి. లెక్కకు తక్కువే. పెట్టెలో సర్దితే మోయడానికి మాత్రం ఇద్దరు కావలసి వచ్చింది.

సెట్టు మీద నా అభ్యంతరం ఇదే. అందులో అమ్ముడుపోయేది సంఖ్య. డబ్బా మీద 51 అని వేయాలంటే అదే ధరలో రేకు పలుచబడక తప్పదు. ఇంకో నష్టం కూడా ఉంది. సెట్టులో రెండు కంచాలు పోతే ఆ పువ్వు, ఆ వంపు మళ్లీ దొరకవు, మరుసటి ఏడు కొత్త నమూనా వస్తుంది. ఏ గీతలూ లేని సాదా కంచం ఏళ్ల తరబడి అదే తీరుగా దొరుకుతుంది. ఇవాళ ఆరు కొని, కోడలు వచ్చాక ఇంకో రెండు తెస్తే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

ఇక స్టీలులో రకాలు. తుప్పు పట్టని ఉక్కు గుట్టు క్రోమియంలో ఉంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనపడని పొర కడుతుంది, గీత పడితే ఆ పొర మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ ఈ ఉక్కును పోతపోసినప్పుడు ముందుగా తయారైన వాటిలో బల్ల మీది కత్తులున్నాయి. మన దేశంలో 1980ల మొదట్లో తమిళనాడులోని సేలం ఉక్కు కర్మాగారం మొదలయ్యాక, పెద్దవాళ్ల నోట 'సేలం స్టీలు' అన్నమాట నమ్మకానికి గుర్తుగా నిలిచిపోయింది. ఇప్పుడు దుకాణాల్లో వినిపించే గ్రేడు అంకెలు, అంటే స్టీలు రకాన్ని చెప్పేవి, ముఖ్యంగా మూడు. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం చొప్పున ఉంటాయి. డబ్బాల మీద 18/8 అని వేసేది దీన్నే. 202లో నికెల్ తగ్గించి ఆ చోటు మాంగనీసుతో నింపుతారు. ధర తగ్గుతుంది, ఉప్పుకు తట్టుకునే శక్తీ తగ్గుతుంది. 430లో నికెల్ దాదాపు ఉండదు, క్రోమియం మాత్రం 16 నుంచి 18 శాతం ఉంటుంది.

ఇక్కడే అయస్కాంతం కథ వస్తుంది. చాలా దుకాణాల్లో చిన్న అయస్కాంతం తీసి కంచానికి ఆనించి, "చూడక్కా, అంటుకోలేదు, అసలు సరుకు" అంటారు. 304కు అయస్కాంతం అంటుకోదు, నిజమే. 202కు కూడా అంటుకోదు. ఆ రెండిటి మధ్య తేడా తెలియాల్సిన చోటే ఈ పరీక్ష పనికిరాదు. అటు 430కి గట్టిగా అంటుకుంటుంది, అయినా అది కంచానికి, చెంచాకు వాడదగిన ఉక్కే. ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే గిన్నెల అడుగున అటువంటి ఉక్కు కావాలనే వేస్తారు. 304 గిన్నెకు కూడా లోతుగా సాగదీసిన వంపుల దగ్గర కొద్దిగా అంటుకోవచ్చు. కాబట్టి అయస్కాంతం చూసి కొనకండి, దాన్ని చూసి వద్దనకండి. అడగాల్సింది గ్రేడు ముద్ర, బిల్లు మీద ఆ గ్రేడు రాసివ్వడం. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. స్టీలు పాత్రల ప్రమాణం అంకె ఐఎస్ 14756. ముద్ర పైన ఆ అంకె, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను ఈ ముద్ర ఇచ్చే సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద లైసెన్సు ఉందో తెలుస్తుంది. కౌంటరు ముందు నిలబడే చూసుకోవచ్చు, మొహమాటపడాల్సిన పని లేదు.

ఎంత మంచి స్టీలయినా ఉప్పు దగ్గర జాగ్రత్త కావాలి. రాత్రి తిన్న కంచంలో తొక్కు ఉప్పు అంటుకుని అట్లే సింకులో పడి ఉంటే, ఉప్పులోని క్లోరైడు ఆ క్రోమియం పొరను చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. ఇట్లా పదేపదే జరిగితే సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి ఎంత తోమినా పోవు. తినగానే ఒకసారి నీళ్లు పోసి తొలిపితే చాలు, తోముడు పొద్దున అయినా ఫరవాలేదు. బోరు నీళ్ల ఇండ్లలో కంచాల మీద పేరుకునే తెల్లపొర వేరే సంగతి. అది నీళ్లలోని సున్నం. తోమి తోమి చేతులు నొప్పి పుట్టించుకోకుండా, వాడేసిన చింతపండు పిప్పితో రుద్ది పది నిమిషాలు వదిలితే పులుపుకు కరిగిపోతుంది. తడి కంచాల మీద ఇనుప పెనం బోర్లించకండి. స్టీలుకు అంటే తుప్పు మరకలు చాలావరకు ఆ పెనానివే, కంచానివి కావు.

ఇత్తడి, కంచు గురించి చెప్పకుండా మా ప్రాంతంలో సామాను మాట పూర్తికాదు. హైదరాబాద్ రోడ్డు మీద జనగామ దాటగానే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచి పేరున్న లోహపు పని అక్కడిది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి రూపం తెచ్చే విశ్వకర్మల పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇప్పుడు వాళ్ల చేతిలో తయారయ్యేవి ఎక్కువగా గుడి తొడుగులు, కలశాలు, జ్ఞాపికలు. రోజూ వాడే ఇత్తడి అడిగేవాళ్లు తగ్గిపోయారు. నాకు ఇత్తడి అంటే ప్రాణం, అయినా రోజూ తినే కంచంగా దాన్ని సిఫారసు చేయను. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. మన చింతపండు పులుసు, నిమ్మకాయ, పెరుగు అన్నీ దానితో కలబడి చిలుము రేపుతాయి. లోపల కలాయి, అంటే తగరపు పూత, ఉంటే సరే. పాత్రను కాల్చి, నవాసాగరం చల్లి, తగరాన్ని దూదితో పాముతుంటే గోధుమరంగు లోపలంతా ఒక్క క్షణంలో వెండిలా తెల్లబారడం చూసినవాళ్లకు తెలుస్తుంది ఆ పని ఎంత నేర్పుతో కూడిందో. కానీ తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఖాళీ పాత్ర పొయ్యి మీద మరిచిపోతే కలాయి పోయినట్టే. వీధుల వెంట తిరిగి కలాయి వేసేవాళ్లు ఇప్పుడు కనిపించడం అరుదు. కలాయి వేసేవాళ్లు దగ్గర్లో ఉంటేనే ఇత్తడిలో వండుకోండి. నీళ్ల బిందె, పప్పు నానబెట్టే గంగాళం, బతుకమ్మను పేర్చే తాంబాళం, ఇవి మాత్రం ఇత్తడివే ఉంచుకోండి. అక్కడ పులుపు బాధ లేదు, వందేళ్లు ఆగుతాయి, పగిలినా పాత ఇత్తడికి తూకం ధర వస్తుంది.

కంచు వేరు. నాలుగు పాళ్లు రాగికి ఒక పాలు తగరం చొప్పున కలిపేది. ఇత్తడి కంటే పులుపును బాగా ఓర్చుకుంటుంది, వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, గీటితే గంటలా మోగుతుంది. బండ మీద పడితే మాత్రం చీలుతుంది. ఇంట్లో పెద్దమనిషి ఒకరు కంచు కంచంలో తినే అలవాటు ఉంటే కొనసాగించండి, ఒక్కటి చాలు. చిన్నపిల్లలకు దాని బరువే కష్టం.

పింగాణీ, గాజు వైపు వస్తే, నేను పూర్తిగా వద్దనను. ఓపల్ గాజు (పాలలా తెల్లగా ఉండే గాజు) ప్లేట్లు తేలిక, పసుపు మరక పట్టదు, మైక్రోవేవ్‌లో పెట్టవచ్చు. కోరెల్ ప్లేట్లు 1970 నుంచి వస్తున్నాయి, మూడు పొరల గాజును కలిపి వత్తి చేస్తారు. లా ఓపాలా, లారా వంటివి మన ఊళ్లలోనూ దొరుకుతున్నాయి. ఒక్కడే ఉండే గదిలో, కూర్చుని తినే బల్ల ఉన్న ఇంట్లో ఇవి మంచి ఎంపికే. మన ఇండ్లలో నేల తాండూరు బండో గ్రానైటో. గట్టిపరిచిన గాజు పది సార్లు పడ్డా తట్టుకుని, పదకొండోసారి ఒక్కసారిగా వందల ముక్కలవుతుంది. స్టీలు పీచుతో రోజూ గీసిన గీతలే దాన్ని లోలోపల బలహీనం చేస్తాయి. పాకే పిల్లలున్న ఇంట్లో నేల మీద కూర్చుని తినేవాళ్లకు ఇది సరిపడదు. మట్టి పింగాణీ కొనేటప్పుడు ప్లేటు తిరగేసి అడుగున మెరుగు లేని వలయం చూడండి. అక్కడ ఒక నీటి చుక్క వేస్తే ఇట్టే పీల్చుకుంటే అది తక్కువ వేడిలో కాల్చిన సరుకు, అంచులు త్వరగా పెచ్చులూడతాయి. చుక్క అట్లాగే నిలిస్తే బాగా కాలింది.

మెలమైన్ విషయంలో మాత్రం నాది గట్టి మాట, తినడానికి కొనకండి. చూడ్డానికి పింగాణీలా ఉంటుంది, కిందపడ్డా పగలదు, చవక. అది మెలమైన్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసిన గట్టి ప్లాస్టిక్. వేడి, పులుపు రెండూ కలిస్తే అందులోంచి ఆహారంలోకి దిగేది పెరుగుతుంది. మైక్రోవేవ్‌లో వీటిలో తిండి వేడి చేయవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెబుతుంది. మనం రోజూ తినేదే వేడివేడి పులుపు. పైగా పీచు గీతల్లో పసుపు పట్టి ఏడాదికే పాతబడుతుంది, పాత సామానువాడు కూడా తీసుకోడు.

గిలాస చిన్న వస్తువే గానీ రోజూ పెదవికి తగిలేది అది. కంచానికి చెప్పిన అంచు పరీక్షే దీనికీ. అడుగు కంటే మూతి కొంచెం వెడల్పుగా ఉన్నది కొనండి, నిలువుగా ఉన్నవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఊడిరావు. ఛాయ్‌కి స్టీలు వద్దు, వేళ్లు కాలతాయి. రెండు గోడల స్టీలు కప్పులు కొత్తలో బాగుంటాయి, అతుకు ఒకసారి విడిస్తే మధ్యలోకి నీళ్లు పోయి వాసన వస్తాయి. ఛాయ్‌కి గాజే మేలు. మందపాటి మామూలు గాజులో మరిగే ఛాయ్ పోస్తే లోపలి పక్క ముందు వ్యాకోచించి, బయటి పక్క వెనకబడి, చిట్లే ప్రమాదం ఉంది. బోరోసిలికేట్ గాజు వేడికి వ్యాకోచించేది మామూలు గాజులో మూడో వంతే కాబట్టి పలుచగా ఉన్నా తట్టుకుంటుంది.

ఇక చెంచాలు. చేత్తో తినేవాళ్లం కాబట్టి చెంచాను ఎవరూ పట్టించుకోరు. ఉప్మాకు, పెరుగుకు, పిల్లలకు తినిపించడానికి, తొక్కు తీయడానికి, మందు పోయడానికి రోజంతా చేతిలో ఉండేది అదే. చెంచాకు ప్రాణం మెడ దగ్గర ఉంటుంది. చవక చెంచాను మొదలు నుంచి చివరిదాకా మిల్లీమీటరు రేకులోంచి కోసి వంచుతారు. మంచి చెంచా మెడ దగ్గర రెండు మిల్లీమీటర్లకు పైగా మందం ఉండి, గుంత వైపు పోనుపోను పలుచబడుతుంది. బొటనవేలితో మెడను నొక్కి చూడండి, కదలకూడదు. తర్వాత గుంత అంచు వెంట వేలు పోనివ్వండి. పొడవైన తలవెంట్రుక ఉంటే దాన్ని ఆ అంచు మీద లాగండి, ఎక్కడా తట్టుకోకుండా జారితేనే అంచు నున్నగా అరిగినట్టు. పసిపిల్లల పెదవికి తగిలే వస్తువు, ఈ పాటి శ్రమ పడాలి. పిడికి ప్లాస్టిక్ తొడిగినవి తీసుకోకండి, తొడుగులోకి నీళ్లు పోతాయి. గంటెలయితే పిడి, గుంత ఒకే ముక్కగా ఉన్నవి వెతకండి. రెండు చుక్కల వెల్డింగుతో అతికించినవి పప్పు గంజులో తిప్పుతుండగా ఊడతాయి, ఊడేదాకా ఆ అతుకు వెనక పప్పు ఇరుక్కుని ఎండుతుంటుంది. ఫోర్కులు రెండు మూడు చాలు, పండ్ల ముక్కలకు.

ఇంత పలుచటి సామాను మన ఇండ్లలోకి ఎట్లా వస్తుందో కూడా చెప్పాలి. కొన్నదానికంటే వచ్చిందే ఎక్కువ. ఇల్లు చేరిన పూట, వడిబియ్యం పోసిన పూట, పుట్టువెంట్రుకల పూట, పేర్లు కొట్టించిన స్టీలు గిన్నెలు చేతికి వస్తాయి. పాత చీరలకు, తలవెంట్రుకలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు వీధిలోకి వస్తారు. పేరు కొట్టించే ఆచారం నాకు చాలా ఇష్టం. మా అమ్మమ్మ పేరు, ఒక తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కిన సర్వ మా ఇంట్లో ఇప్పటికీ పొయ్యి ఎక్కుతుంది, అడుగు మందంగా ఉంది కనుక దాంట్లో సర్వపిండి మాడకుండా కాలుతుంది. పేరు నిలవాలంటే కింది లోహం కూడా నిలవాలి కదా. వందమందికి వంద పలుచటి కటోరాలు పంచే బదులు, దగ్గరివాళ్లకు ఒక్కొక్క మందపాటి గిలాస పేరు కొట్టించి ఇవ్వండి. మిగతావాళ్లకు పసుపు కుంకుమ, ఒక పండు, కడుపునిండా అన్నం పెడితే ఎవరూ తక్కువ చేసినట్టు అనుకోరు.

నా మాటకు రెండు అడ్డుప్రశ్నలు వస్తుంటాయి. చుట్టాలు వచ్చినప్పుడు సాదా స్టీలు కంచంలో పెడితే ఏం బాగుంటుంది అనేది మొదటిది. గీతలు పడ్డ పలుచటి కంచంలో పెడితే బాగుండదు, నేనూ ఒప్పుకుంటాను. బరువైన, అద్దంలా తుడిచిన కంచంలో వేడి అన్నం, మధ్యలో నెయ్యి, ఒక పక్క తొక్కు పెట్టి చూడండి. మరీ ఎక్కువమంది వస్తే మోదుగాకు విస్తర్లు ఉన్నాయి. మా అడవుల్లో దొరికే ఆకు, పుల్లలతో కుట్టేది, తిన్నాక గొడ్లకో ఎరువుకో పోతుంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు నిషేధంలో ఉన్నాయి కూడా. సిద్దిపేట వైపు స్టీల్ బ్యాంకులు పెట్టి, దావతులకు కావలసిన కంచాలు, గిలాసలు అక్కడి నుంచే తెచ్చుకుని వాడి తిరిగి అప్పజెప్పే పద్ధతి తెచ్చారు. ఆ పద్ధతి ప్రతి వాడకూ, ప్రతి అపార్ట్‌మెంటుకూ రావాలి. యాభైమందికి సరిపడా సామాను ఒక్కో ఇంటి సజ్జ మీద పడి ఉండాల్సిన అవసరం లేదు.

రెండోది ధర. మందపు కంచం ఒకటికి పలుచటివి రెండు వస్తాయి, నిజమే. అందుకే ఒకేసారి అన్నీ కొనమనను. నలుగురున్న ఇంటికి ఆరు కంచాలు, ఆరు గిలాసలు, ఆరు కటోరాలు, ఎనిమిది చెంచాలు, అన్నం గంటె ఒకటి, పప్పు గంటె ఒకటి. ఇంతకు మించి రోజూ వాడలేరు. ఇదీ ఎక్కువనిపిస్తే ముందు కంచాలు మార్చండి, తర్వాత చెంచాలు, గిలాసలు చివరికి. గది తీసుకున్న పిల్లలకయితే రెండు కంచాలు, రెండు గిలాసలు, రెండు చెంచాలు, ఒక గంటె. స్నేహితుడు వచ్చినా సరిపోతాయి, తిన్న పూటే కడగాలి కాబట్టి సింకు నిండదు. జీతం పెరిగాక అదే దుకాణంలో అవే కంచాలు ఇంకో రెండు తెచ్చుకోండి, పోయేటప్పుడు పాత కంచం ఒకటి చేతిలో పట్టుకుని పోయి తూకం సరిచూసుకోండి.